కిరాయి ఇల్లు, కులం చిరునామా: సికింద్రాబాద్ చరిత్రలో రాయని పేజీలు

సికింద్రాబాద్ చరిత్ర అని పుస్తకాలు తిరగేస్తే ముందు దండు వస్తుంది, ఆ తర్వాత రెసిడెంటు వస్తాడు, ఆ వెనకే బంగళాలు, చర్చీలు, క్లబ్బులు, క్లాక్ టవర్, జేమ్స్ స్ట్రీట్ వస్తాయి. బంగళా ముందుగదిలో ఎవరు కూర్చున్నారో పేరుపేరునా రాసి ఉంటుంది. వెనక గదిలో ఎవరు పడుకున్నారో, ఆ గదికి కిరాయి ఉండేదో లేదో, కొలువు పోయిననాడు ఆ సంసారం గిన్నెలు నెత్తిన పెట్టుకుని ఎటు పోయిందో మాత్రం ఎక్కడా దొరకదు. పట్నానికి ఆనుకుని, హుస్సేన్ సాగర్ అవతల, రెండు వందల ఏళ్ల కింద పుట్టిన ఈ ఊరికి మనోళ్లు వేల సంఖ్యలో వచ్చారు, బతికారు, సంఘాలు పెట్టారు, నాయకులయ్యారు. వాళ్లు ఏ ఇంట్లో ఉండి ఇదంతా చేశారు? ఎవరికి కిరాయి కట్టారు? ఎవరు ఇవ్వనన్నారు? ఈ ప్రశ్నలు చరిత్రకారులకు చిన్నవిగా కనిపించి ఉండొచ్చు. ఇల్లు దొరకని వాళ్లకు ఇవే పెద్ద ప్రశ్నలు.

పట్నం పోతే కులం పోతుందని మనకు చాలాకాలంగా చెబుతున్నారు. పోతుందా, పోదా అని వాదించుకునే బదులు ఒక నిర్దిష్టమైన ఊరిని తీసుకుని, అక్కడ కిరాయి అనే వ్యవహారం దళితులకు ఏమిచ్చింది, ఏమివ్వలేదు అని చూడటమే ఈ వ్యాసం పని.

ఊళ్లో కిరాయి లేదు

ముందు పల్లె నుంచి మొదలుపెట్టాలి. ఊళ్లో మాలవాడకూ మాదిగవాడకూ కిరాయి లేదు. కిరాయి లేదంటే ఉచితమని కాదు. ఆ జాగా కులానికి ఇచ్చిన జాగా, ఆ జాగాతోపాటే పని కూడా ఇచ్చారు. చచ్చిన పశువును ఈడ్చడం, డప్పు కొట్టడం, కబురు మోయడం, దొర ఇంటికి వెట్టి పోవడం, ఇవన్నీ ఆ గుడిసెకు కడుతున్న కిరాయే. పైసల్లో కట్టే కిరాయికి ఒక లెక్క ఉంటుంది, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒక మాట ఉంటుంది, నచ్చకపోతే లేచిపోయే వీలుంటుంది. వాడలో ఇవేవీ లేవు. ఒక మాదిగ మనిషి తన వాడ వదిలి కమ్మరి గల్లీలో ఇల్లు తీసుకుంటానని అనడానికే ఊరి వ్యవస్థలో చోటు లేదు. తిరస్కారం దాకా వ్యవహారం పోనే పోదు.

అందుకే పట్నంలో 'కిరాయికి ఇల్లు కావాలె' అని ఒక దళితుడు మొదటిసారి అడిగిన మాట మామూలు మాట కాదు. పుట్టుకతో వచ్చిన జాగా కాక, పైసలిచ్చి తాను ఎంచుకున్న జాగాలో ఉంటానని చెప్పడం అది. 'ఇవ్వం' అనే జవాబు కూడా అప్పుడే పుట్టింది. మన చరిత్రలో ఈ ప్రశ్న, ఈ జవాబు రెండూ కలిసే నడుస్తున్నాయి.

దండు వచ్చింది, వెనకే వాడ వచ్చింది

1798లో నిజాం అలీ ఖాన్ ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దండు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండు ఊరికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అక్కడ సివిల్, క్రిమినల్ అధికారం ఇంగ్లీషువాళ్లది. చెరువు ఇవతల నిజాం రాజ్యం, అవతల కంపెనీ చట్టం.

దండు అంటే తుపాకులు పట్టుకున్న సిపాయిలే కాదు. గుర్రాలకు గడ్డి కావాలె, గడ్డి కోసేవాళ్లు కావాలె, గుర్రప్పనివాళ్లు కావాలె. గుడారాలు వేసి పీకే ఖలాసీలు, పల్లకీ మోసే బోయీలు, తోలుపని చేసేవాళ్లు, మాంసం కోసేవాళ్లు, పాకీపని చేసేవాళ్లు కావాలె. తెల్ల దొర ఇంటికి వంటమనిషి, బట్లర్, ఆయా, మాలి కావాలె. ఈ పనుల్లో చాలావాటిని సవర్ణులు ముట్టరు. గొడ్డుమాంసం వండే వంటింట్లోకి ఏ అగ్రకులస్తుడు పోతాడు? అందుకే తెలంగాణ పల్లెల నుంచి మాల మాదిగలు, మద్రాసు దండు వెంట తమిళ పరయర్లు ఈ ఊరికి చేరారు. సికింద్రాబాద్ పేటల పేర్లు చదివితే ఈ సంగతి అర్థమవుతుంది. ఘాస్‌మండి అంటే గడ్డి సంత. కళాసిగూడ పేరులో ఖలాసీ ఉన్నాడు. భోయిగూడ పేరులో బోయీ ఉన్నాడు. రెజిమెంటల్ బజార్, కార్ఖానా పేర్లకు అర్థం చెప్పక్కర్లేదు. దొరల పేర్లు రోడ్లకు పడ్డాయి, పని పేర్లు బస్తీలకు పడ్డాయి.

ఇక్కడ ఒక మార్పు జరిగింది. ఊళ్లో కులాన్ని బట్టి వాడ ఉండేది, దండు ఊళ్లో పనిని బట్టి బస్తీ ఏర్పడింది. అయితే ఆ పని కులాన్ని బట్టే దొరికింది కనుక కులం వెనకదారిన మళ్లీ వచ్చి కూచుంది. ఇంగ్లీషువాళ్లు కులం మాట ఎత్తకుండానే దూరం పాటించారు. ఇండియాలో సైన్యం ఆరోగ్యం గురించి వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. బారకాసులకు దూరంగా దేశీ బజార్లు ఉండాలని, మురికి, గాలి, రోగం పేరుతో పేటలను విడదీయాలని ఆ తర్వాత కంటోన్మెంట్లన్నిటా నియమాలు కట్టుదిట్టమయ్యాయి. మనువు మైల అన్నదాన్ని కంటోన్మెంటు డాక్టరు రోగం అన్నాడు. రెండూ ఒకటే అని మేము అనడం లేదు. మైలకు మందు లేదు, రోగానికి కుళాయి నీళ్లు, మోరీలు, ఆస్పత్రి వస్తాయి. అవి మనోళ్లకు కూడా కొంతవరకు అందాయి. కానీ గీత గీసినప్పుడు గీత అవతలికి నెట్టబడింది మాత్రం పాతవాళ్లే.

వెనక గది

బంగళా నౌకరుకు కాంపౌండు లోపలే ఒక చివర వరసగా గదులుండేవి. కిరాయి అడగరు, జీతంలో భాగమే. పెళ్లాం పిల్లలు కూడా ఆ గదిలోనే. పక్కగదిలో ముస్లిం గుర్రప్పనివాడు, అటుపక్క క్రైస్తవ ఆయా. ఊళ్లో ఊహించలేని ఇరుగుపొరుగు ఇది. దొర పిల్లల పక్కన పెరిగి ఇంగ్లీషు ముక్కలు నేర్చిన పిల్లలు, మిషన్ బడికి పోయిన పిల్లలు ఈ వెనక గదుల నుంచే వచ్చారు.

అయితే ఆ గది కొలువుకు కట్టిన గది. దొరకు బదిలీ అయితే గది పోతుంది. దొరసానికి కోపమొస్తే కూడా గది పోతుంది. ముసలితనం వస్తే కొలువూ గదీ ఒకేరోజు పోతాయి. ఊళ్లో వాడ కులానికి కట్టేసి ఉంటే ఇక్కడ గది యజమానికి కట్టేసి ఉంది. కిరాయిదారుకు ఉండే కనీస హక్కు, అంటే పైసలు కట్టినంత కాలం ఉంటాననే హక్కు, ఈ నౌకరుకు లేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. కంటోన్మెంట్లలో చాలా బంగళాలకు 'ఓల్డ్ గ్రాంట్' షరతులు ఉండేవి. కట్టిన ఇల్లు కట్టుకున్నవాడిది, నేల సర్కారుది. సర్కారు నోటీసిచ్చి, కట్టడానికి పరిహారమిచ్చి ఆ నేలను వెనక్కి తీసుకోవచ్చు. అంటే దొర కూడా ఒకరకంగా ఆ నేల మీద తాత్కాలికుడే. కానీ దొరకు నోటీసు ఉంది, పరిహారం ఉంది, దాని మీద కాగితం ఉంది. వెనక గదిలో ఉన్నవాడి పేరు మీద ఏ కాగితమూ లేదు. మన చరిత్ర మనకు దొరకకపోవడానికి ఒక కారణం ఇది. కాగితం ఉన్నవాడికే చరిత్ర ఉంది.

రైలు తెచ్చిన నంబరు

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు మొదలైంది. రైలుతో కొత్తరకం కొలువు, దాంతోపాటు కొత్తరకం ఇల్లు వచ్చాయి. రైల్వే క్వార్టరుకు నంబరు ఉంటుంది. అది హోదాను బట్టి ఇచ్చేది. గార్డుకు ఒకరకం, ఫిట్టరుకు ఒకరకం, ఖలాసీకి ఒకరకం. ఇందులో కులం లేదా అంటే, కింది హోదాలో ఎవరున్నారో చూస్తే జవాబు దొరుకుతుంది. అయినా ఒక తేడా ఉంది. 'ఫలానా వాడలో ఫలానావాడి కొడుకు' అనే చిరునామా పోయి 'ఫలానా నంబరు క్వార్టరు' అనే చిరునామా వచ్చింది. పోస్టుమాన్ ఆ నంబరు చూసి ఉత్తరం తెస్తాడు, కులం అడిగి తేడు. క్వార్టరు కిరాయి జీతంలో కోస్తారు, కనుక కిరాయి అడిగే ఇంటాయన మొఖం చూడక్కర్లేదు. మెట్టుగూడ, చిలకలగూడ, లాలాగూడ వైపు పాత కుటుంబాలతో మాట్లాడినప్పుడు మాకు ఎక్కువసార్లు వినిపించిన మాట 'క్వార్టర్ల పుట్టినం' అనేది. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో ఉండే గర్వాన్ని అర్థం చేసుకోవాలంటే వాడలో పుట్టి ఉండాలి.

ఇల్లు లేకుంటే సంఘం లేదు

నిజాం రాజ్యంలో దళిత చైతన్యం అంటే మనకు మొదట భాగ్యరెడ్డి వర్మ గుర్తొస్తాడు. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన మాదరి భాగయ్య 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టాడు. 1910 నుంచి బడులు నడిపాడు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై పంచములనే పేరును కాదని ఆది ఆంధ్రులమని ప్రకటింపజేశాడు. 1922లో ఆయన సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాష్ట్రంలో 'ఆది హిందూ' అనే పేరు చేరింది. సికింద్రాబాద్ వైపు అరిగే రామస్వామి పనిచేశాడు, ఆ తర్వాత తరంలో బి.ఎస్. వెంకటరావు, జె.హెచ్. సుబ్బయ్య వంటివాళ్లు వచ్చారు. ఈ ఉద్యమాల లోపలి సంగతులన్నీ పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా అచ్చువేయకపోయి ఉంటే ఇవాళ మనకు ఇంత కూడా దక్కేది కాదు.

ఈ చరిత్రను మనం ఇప్పటిదాకా సభలు, తీర్మానాలు, నాయకుల తగాదాల చరిత్రగా చదివాం. దాన్ని ఇళ్ల చరిత్రగా కూడా చదవాలని మా వాదన. సంఘం పెట్టాలంటే నలుగురు కూచునే గది కావాలె. భజన మండలి పెట్టాలన్నా, రాత్రిబడి పెట్టాలన్నా ఒక కప్పు కావాలె. గుడి ఇవ్వరు, సత్రం ఇవ్వరు, చావిడి ఇవ్వరు. మరి మిగిలింది సొంత ఇల్లు లేదా కిరాయి గది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం నిలబడటాన్ని ఒక కట్టడం సంగతిగా చూడొద్దు. ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేని కప్పు ఒకటి మనోళ్లకు దొరికింది. ఊళ్లో వెట్టికి కట్టుబడి ఉన్న కాలంలోనే పట్నంలో బట్లరు కొలువు, రైలు కొలువు, చిన్న కాంట్రాక్టులు చేసి నాలుగు పైసలు కూడబెట్టినవాళ్లు ఇల్లు కొన్నారు. ఆ ఇళ్ల అరుగుల మీదనే ఉద్యమం పుట్టింది.

చిలకలగూడలో 1918లో పుట్టిన ఈశ్వరీబాయి జీవితం కూడా ఇట్లాగే చదవాలి. ఆమె కీస్ స్కూల్లో చదివింది, 1950ల తొలినాళ్లలో సికింద్రాబాద్ మునిసిపాలిటీకి కౌన్సిలరుగా గెలిచింది. ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి పోయింది. నల్లా, మోరీ, దీపం గురించి కొట్లాడే మునిసిపల్ రాజకీయం చిన్న రాజకీయమని మనలో కొందరికి చులకన ఉంది. బస్తీలో ఇల్లు నిలబడాలంటే ఆ మూడే కావాలె. ఆమె రాజకీయ జీవితానికి మొదటి మెట్టు అక్కడ ఉంది.

బరోడా సత్రం, పరేల్ చాల్

ఇక్కడ బాబాసాహెబ్ జీవితంలోని మూడు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆయన 1891లో పుట్టింది మౌ అనే కంటోన్మెంట్ ఊళ్లో. ఇందూరు పట్నానికి మౌ ఎట్లాగో హైదరాబాద్‌కు సికింద్రాబాద్ అట్లా. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. దండు ఊళ్లు దళితులకు మొదటి చదువు, మొదటి జీతం ఇచ్చాయన్న మాటకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

రెండో ఊరు బరోడా. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో కొలువుకు పోయిన మనిషికి ఉండటానికి ఇల్లు లేదు. హిందూ హోటలు రానివ్వదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాసి దిగాడు. పదకొండో రోజున పార్సీలు పదిమందికి పైగా కర్రలు పట్టుకుని వచ్చి సాయంత్రంలోగా వెళ్లిపొమ్మన్నారు. ఇద్దరు స్నేహితులను అడిగాడు. హిందూ స్నేహితుడు, నువ్వొస్తే మా నౌకర్లు పోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు, మా ఆవిడను అడగాలన్నాడు. రాత్రి రైలు వేళ వరకు తోటలో కూచుని ఆయన బొంబాయి వెళ్లిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనే రాసుకున్న సంగతి ఇది.

మూడోది బొంబాయి. పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించిన చాల్‌లో చిన్న గదుల్లో ఆయన కుటుంబం 1912 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఉంది. మహాడ్ చెరువు పోరాటం జరిగిన 1927లో కూడా ఆయన ఇల్లు అదే. సొంత ఇల్లు రాజగృహ 1930లలో గాని రాలేదు. బరోడా మహారాజు ఉద్యోగం ఇచ్చాడు, స్కాలర్‌షిప్ ఇచ్చాడు, ఇల్లు ఇవ్వలేకపోయాడు. బొంబాయిలో ఒక ప్రభుత్వ సంస్థ కట్టిన ఇరుకు గది ఉద్యమానికి ఇల్లయింది. ఇక్కడి నుంచి మేము తీసుకునే పాఠం ఇది: ఇంటాయన ఇష్టానికి వదిలేసిన ఇల్లు కులాన్ని అడుగుతుంది, ప్రజాసంస్థ చేతిలోని ఇల్లు అడగకుండా ఉండటానికి కనీసం అవకాశముంది. క్వార్టర్ల పుట్టినవాళ్ల గర్వంలో ఉన్నది కూడా ఇదే.

చట్టంలో ఉన్నది, గుమ్మంలో లేనిది

1945-46లో సికింద్రాబాద్ సివిల్ ప్రాంతం తిరిగి నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1948లో నిజాం రాజ్యమే పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఉద్యోగులు, వ్యాపారులు, విద్యార్థులు కొత్తగా వచ్చారు. 1960లో సికింద్రాబాద్ మునిసిపాలిటీ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. కంటోన్మెంట్ ప్రాంతం విడిగా తన బోర్డు కిందే నడిచింది. బంగళాలు విరిగి పోర్షన్లయ్యాయి, పోర్షన్లు విరిగి అపార్ట్‌మెంట్లయ్యాయి. కొలువు ఇచ్చిన గదుల స్థానంలో 'టులెట్' బోర్డులు వచ్చాయి.

చట్టం ఏం చెప్పింది? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల పేర్లు చెప్పి వివక్ష కూడదంది, అందులో కిరాయి ఇల్లు లేదు. 1955లో వచ్చి 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన చట్టం నాలుగో సెక్షనులో మాత్రం ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడం, పొందడం, అందులో ఉండటం విషయంలో అంటరానితనం పాటిస్తే నేరమని స్పష్టంగా ఉంది. ఈ మాట మన కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు? గుడి ప్రవేశం గురించి, హోటల్లో గ్లాసుల గురించి కేసులు పెట్టాం. టులెట్ బోర్డు కింద నిలబడి ఎవరం కేసు పెట్టలేదు.

పెట్టకపోవడానికి కారణముంది. ఇంటాయన 'మీ కులానికి ఇవ్వను' అని నోటితో అనడు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయిదారును ఖాళీ చేయించడానికి కారణాలు చూపాలంటుంది. కిరాయి కట్టలేదనో, ఇల్లు సొంతానికి కావాలనో చూపాలి. కులం కాగితం మీదికి రానక్కర్లేదు, 'మా తమ్ముడొస్తున్నడు' అంటే చాలు. పైగా ఆ చట్టం ఇంట్లో ఉన్నవాడిని కాపాడటం గురించి ఆలోచించింది. లోపలికి రానివ్వబడని వాడి గురించి ఆలోచించలేదు.

2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్‌కు చెందిన జొరాష్ట్రియన్ సహకార గృహసంఘం కేసులో, ఒక సంఘం తన సభ్యత్వాన్ని తన మతంవాళ్లకే పరిమితం చేసుకోవచ్చని తీర్పిచ్చింది. చిన్న మైనారిటీ తన ఉనికిని కాపాడుకోవాలనుకోవడం మనకు అర్థమవుతుంది. కానీ ఆ తర్కాన్ని అగ్రకుల కాలనీలు వాడుకుంటే జరిగేదేమిటి? వాళ్లకు అది అగ్రహారానికి దొరికిన కొత్త కాగితం. 2015లో సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల కిరాయి ఇళ్ల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. దళితుల పేరుతో, ముస్లింల పేరుతో అడిగినవాళ్లకు తిరస్కారం ఎదురైంది, ముస్లింలకు ఇంకా ఎక్కువగా ఎదురైంది, అగ్రకుల పేర్లతో అడిగినవాళ్లకు దాదాపు ఎదురుకాలేదు. మనకు తెలిసిన సంగతే, అయినా లెక్కగా రావడం అవసరం. 'అది మీ ఊహ' అనేవాళ్లకు చూపడానికి.

ఇల్లు ఏ దిక్కున?

ఈ వ్యాసానికి పాత కాగితాలు వెతుకుతున్న ఏళ్లలోనే మేము సికింద్రాబాద్ వైపు నాలుగు ఇళ్లు మారాం. అడిగే తీరు అందరిదీ ఒకటే. పేరేంది, ఏం చేస్తరు, ఎందరుంటరు. ఆ తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే 'నాన్‌వెజ్ తింటరా' అని. అప్పటికీ తేలకపోతే 'ఊళ్లె మీ ఇల్లు ఏ దిక్కున' అని. మొదటిసారి ఈ ప్రశ్న విన్నప్పుడు మాకు అర్థం కాలేదు, మర్యాదకు అడిగారనుకున్నాం. తర్వాత తెలిసింది. ఊరికి వాడ ఏ దిక్కున ఉంటుందో అడిగినాయనకు తెలుసు. విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని నిలబడితే ఆయన మా ఊరి పటం అడుగుతున్నాడు.

రెండో ఇంట్లో మేము గోడకు క్యాలెండరు తప్ప ఏమీ పెట్టలేదు. బాబాసాహెబ్ ఫోటో పెట్టెలో బట్టల కింద ఉంది. వండేది వండేటప్పుడు కిటికీలు మూసేవాళ్లం. పార్సీ పేరుతో సత్రంలో దిగిన మనిషి ఫోటోను పేరు చెప్పుకోలేని ఇంట్లో దాచిపెట్టాం. అంతలో ఊరి నుంచి మా అమ్మ వచ్చింది. నల్లా దగ్గర ఇంటావిడ మంచిగనే మాట కలిపి 'ఏందోళ్లమ్మా మీరు' అని అడిగితే మా అమ్మ ఉన్న మాట చెప్పింది. ఆమెకు దాచడం తెలియదు, ఊళ్లో దాచడానికి వీలే లేదు గదా. వారం తిరగకుండా వాళ్ల తమ్ముడు వస్తున్నాడని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. గిన్నెలు సర్దుతూ మా అమ్మ 'నేను తప్పు చెప్పిన్నా బిడ్డా' అని అడిగింది. దానికి జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాం అనుకోండి.

ఇది మా ఒక్కరి గోడు కాదు. ఒంటరిగా ఉండి చదువుకునే దళిత అమ్మాయిలకు కులం ప్రశ్నతోపాటు నడవడి ప్రశ్న కూడా వేస్తారు. ముస్లిం మిత్రులకు పేరు చెప్పగానే బోర్డు దిగిపోతుంది. మనవైపు కూడా చూసుకోవాలి. నాలుగు పైసలొచ్చి ఇల్లు కట్టుకున్న మనోళ్లలో కూడా మాల ఇంట్లో మాదిగకు, మాదిగ ఇంట్లో డక్కలికి, ఇద్దరి ఇళ్లలో పాకీపని చేసేవాళ్లకు పోర్షను దొరకని సందర్భాలు మాకు తెలుసు. అడిగించుకున్న ప్రశ్ననే మనం ఇంకొకరిని అడిగితే బరోడా సత్రం ముందు కర్రలు పట్టుకుని నిలబడినట్టే.

చెయ్యాల్సిన పని

1985లో కారంచేడు నుంచి తరిమితే మాదిగలు చీరాల చేరారు, తిరిగి ఆ ఊరికి పోమన్నారు, అక్కడే కాలనీ కట్టుకున్నారు. ఊరు కాదని పట్నంలో ఇల్లు అడగడం ఆ సందర్భంలో ఆత్మగౌరవ ప్రకటన. సికింద్రాబాద్ వెనక గదుల్లో, ఘాస్‌మండి గల్లీల్లో, లాలాగూడ క్వార్టర్లలో మన పెద్దలు ఆ ప్రకటననే నిదానంగా, తరం తర్వాత తరం చేశారు. కిరాయి ఇల్లు వాళ్లకు విముక్తి ఇవ్వలేదు. విముక్తి గురించి మాట్లాడుకునే అరుగు ఇచ్చింది. ఆ అరుగు మీద కూచునే హక్కు కోసం జరగాల్సిన పోరాటం ఇంకా మిగిలే ఉంది.

అందుకని రెండు పనులు. ఒకటి, నాలుగో సెక్షను చదవండి, చదివించండి. ఇల్లు ఇవ్వనన్నప్పుడు తేదీ, మాట, సాక్షి రాసిపెట్టుకోండి. తమ్ముడొస్తున్నాడన్న ఇంట్లోకి తర్వాత ఎవరు దిగారో కూడా రాసిపెట్టుకోండి. ప్రభుత్వం కట్టే ఇళ్లు ఊరికి ఏ దిక్కున కడుతున్నారో చూడండి, మళ్లీ వాడ దిక్కునే అయితే అడగండి. రెండు, మీ ఇంట్లో పెద్దవాళ్లను కూచోబెట్టి వాళ్లు ఉన్న ఇళ్ల పేర్లు వరసగా చెప్పించండి. ఏ గల్లీ, ఎవరి పోర్షను, ఎంత కిరాయి, ఎందుకు ఖాళీ చేశారు. పాత కిరాయి రసీదులు, క్వార్టరు కాగితాలు, నల్లా బిల్లులు పారెయ్యొద్దు. కాగితం ఉన్నవాడికే చరిత్ర అన్నారు గదా, ఇవే మన కాగితాలు.

ఇప్పుడున్న ఇంట్లో బాబాసాహెబ్ ఫోటో ముందుగది గోడ మీదనే ఉంది. ఇల్లు చూడటానికి పోయినరోజే అది మాతోపాటు తీసుకుపోయి చూపించాం. అంతకుముందు ఆరుగురు వద్దన్నారు, ఏడో ఆమె సరే అంది. మా అమ్మను ఈసారి పండుగకు రమ్మన్నాం.